వనభోజనాలకి పోవాలనుంది, గోమార్లూ దోమలూ అంటేనే భయం

ప్రశ్న: అక్కా, మాది విజయనగరం. ప్రతి కార్తీకంలో మా అత్తవారి వైపు వాళ్లందరం పాలకొండ దాటాక సీతంపేట రోడ్డులో కొండవార ఉన్న మా మామగారి మామిడి తోటలో వనభోజనాలు పెట్టుకుంటాం. పోయినేడాది ఇంటికొచ్చిన మర్నాడు మా పాప చెవి వెనక గోమారి కరుచుకుని ఉంది. అప్పటికి దానికి మూడేళ్లు. మా అత్తగారు కిరసనాయిలు రాసి పీకేశారు. పాపకి ఏమీ కాలేదు గానీ నాకు మాత్రం ఆ టెన్షన్ పోలేదు. ఈసారి రాత్రి కూడా తోటలోనే పడుకుందామంటున్నారు. మా ఆయనేమో "తీపి రక్తం ఉన్నవాళ్లనే దోమలు కుడతాయి, నీకెందుకు భయం" అని నవ్వుతారు. పాపకి దోమల క్రీమ్ రాయొచ్చా? వేపనూనె సరిపోతుందా? అసలు ఏదో వంక చెప్పి మానేస్తే మంచిదా?

సమాధానం:

మానకు చెల్లీ, వెళ్లు. ఏడాదికోసారి అందరూ ఒకచోట చేరి, ఉసిరి కొమ్మ కింద విస్తళ్లు వేసుకుని తినే పూట అది, పురుగులకి భయపడి వదులుకుంటే ఎలా. కాకపోతే నీ ఉత్తరం చదువుతుంటే ఒక మాట చెప్పాలనిపించింది. కంటికి కనిపించిన గోమారి గురించి ఏడాదిగా నిద్ర పాడుచేసుకుంటున్నావు గానీ, ఆ తోటలోనే కంటికి ఆనని పురుగు ఇంకోటి ఉంటుంది, మన జిల్లాల్లో మనుషుల్ని ఆస్పత్రి మంచం ఎక్కిస్తున్నది ఎక్కువగా అదే, దాని గురించి నువ్వు ఒక్క ముక్క కూడా అడగలేదు. అడగకపోయినా నేను దాని గురించే ఎక్కువ చెబుతాను, ఓపిగ్గా చదువు.

ముందు నీ గోమారి సంగతి తేల్చేద్దాం. పశువు మీద రక్తం తాగి, కడుపు నిండాక రాలిపోయి, గడ్డిలోనో శాల గోడ పగుళ్లలోనో గుడ్లు పెడుతుంది. వాటిలోంచి వచ్చిన పిల్లలు గడ్డి పరకల కొసలకి ఎక్కి, ముందుకాళ్లు చాపుకుని కూర్చుంటాయి. అటుగా పోయేది ఆవో, కుక్కో, మీ పాపో వాటికి అనవసరం, రాసుకుంటే చాలు అంటుకుంటాయి. ఎగరవు, చెట్టు మీంచి దూకవు. కాబట్టి మీ పాప ఆ రోజు పశువుల శాల దగ్గరో, గడ్డివాము పక్కనో ఆడి ఉంటుంది, ఒకసారి గుర్తు తెచ్చుకో. ఇంటర్నెట్‌లో గోమారి కాటు అని వెతికితే లైమ్ అనే జబ్బు గురించి భయంకరమైన బొమ్మలన్నీ వస్తాయి, నువ్వు చూసే ఉంటావు, అది ప్రధానంగా అమెరికా, యూరప్ వాళ్ల బెడద. మన దేశంలో గోమారి వల్ల పేరుమోసిన జబ్బు క్యాసనూర్ అడవి జ్వరం, 1957లో కర్ణాటకలో శివమొగ్గ వైపు బయటపడింది, కోతుల జ్వరం అంటారు, అది పడమటి కనుమల వైపు సంగతి. కుక్కల గోమార్ల వల్ల వచ్చే టిక్ టైఫస్ అనే జ్వరం ఇంకొకటి ఉంది, సరైన మందు వేళకి పడితే తగ్గిపోతుంది. గోమారి కరిచినవాళ్లందరికీ జబ్బు రాదు, చాలామందికి కాస్త దురదా దద్దురూ తప్ప ఏమీ ఉండదు.

అయితే తీసే పద్ధతి మాత్రం మార్చాలి. కిరసనాయిలు, సున్నం, ఉప్పు, కాల్చిన అగ్గిపుల్ల, ఇవేవీ వద్దు. వాటికి గోమారి ఉక్కిరిబిక్కిరై తన నోట్లోదీ కడుపులోదీ మన గాయంలోకే కక్కే ప్రమాదం ఉంది, మనకి వద్దనుకున్నది సరిగ్గా అదే కదా. కనుబొమ్మలు తీసుకునే ప్లక్కర్ ఉంటుంది చూడు, దాని సన్న మొనతో చర్మానికి ఆనుకుని ఉన్న తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా, కుదుపు లేకుండా, నిదానంగా పైకి లాగు. పొట్ట పట్టుకుని నొక్కకు, వేళ్ల మధ్య నలిపి చంపకు. వచ్చాక ఆ చోటు సబ్బుతో కడుగు, నీ చేతులూ కడుక్కో. నోటి ముక్క ఏదైనా చర్మంలో ఉండిపోతే సూదితో కెలక్కు, తేలిగ్గా ప్లక్కర్‌కి అందితే తియ్యి, లేకపోతే వదిలెయ్యి, చర్మమే తోసేస్తుంది. దీని గురించి అత్తగారితో వాదన పెట్టుకోవాల్సిన పనేమీ లేదు, ప్లక్కర్ బ్యాగులో వేసుకో, అవసరం పడితే "ఉండండి అత్తయ్యా, నేను తీస్తాను" అని నువ్వే ముందు చెయ్యి వేసెయ్.

ఇప్పుడు అసలు సంగతి. 2025 చివర్లో స్క్రబ్ టైఫస్ అని మన విజయనగరం పేరు కూడా కలిపి పేపర్లూ టీవీలూ ఒకటే హోరెత్తించాయి, గుర్తుందా? ఆ జ్వరం తెచ్చేది చిగ్గర్ అనే పురుగు. అది గోమారికి దూరపు చుట్టమే గానీ కరిచేది దాని పిల్ల దశ మాత్రమే, అది మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుందేమో, మామూలు కంటికి ఆనదు. ఉండేది ఎక్కడంటే ఎలుకలు తిరిగే తుప్పల్లో, పొలం గట్ల మీది గడ్డిలో, పాత కట్టెల మోపుల దగ్గర, ఊరూ అడవీ కలిసే చోట. మీ మామగారి తోట ఉన్న కొండవార అంతా అదే. రోజులు చూస్తే వానలు వెనకబట్టి, గడ్డి ఏపుగా ఉండి, చలి మొదలయ్యే కాలం, అంటే సరిగ్గా మన కార్తీకం. వనభోజనాలూ చిగ్గరూ ఒకే నెలలో పడ్డాయి, ఏం చేస్తాం.

ఇది కరిచినప్పుడు నొప్పి ఉండదు. అందుకే ఎవరికీ తెలియదు. గడ్డి మీంచి కాలికి ఎక్కి, బట్ట ఒంటికి బిగుతుగా ఉన్న చోటు దొరికేదాకా పైకి పాకి, అక్కడ ఆగి కరుస్తుంది. నేను పీహెచ్‌సీలో ఉన్న రోజుల్లో ఆడవాళ్లకి ఆ కాటు మచ్చ ఎక్కువగా లంగా బొందు కట్టే చోట, రొమ్ము కింద, చంకలో చూసేదాన్ని, చిన్నపిల్లలకి మొలతాడు కింద, గజ్జల్లో, మగవాళ్లకి నిక్కరు బిగుతు దగ్గర. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రగా, నొప్పీ దురదా లేకుండా ఉంటుంది. కరిచాక వారం నుంచి మూడు వారాల లోపు జ్వరం మొదలవుతుంది, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, చూస్తే మామూలు విషజ్వరంలాగే ఉంటుంది. ఆ చోట్లు మనం ఎవరికీ చూపించం, డాక్టరు మగాడైతే అసలే చూపించం, ఆయనా అడగడు. ఆర్‌ఎంపీ దగ్గర రోజుకో ఇంజక్షన్ చేయించుకుంటూ వారం గడిపేసి, ఆయాసంతో పెద్దాస్పత్రికి వెళ్లినవాళ్లని చూశాను. ఆలస్యమైతే ఊపిరితిత్తులకీ, కిడ్నీలకీ, మెదడుకీ ఎక్కుతుంది. తొందరగా పట్టుకుంటే మాత్రం డాక్సీసైక్లిన్ అనే చవక మందుకి రెండు మూడు రోజుల్లో జ్వరం దిగిపోతుంది, గర్భిణులకి అజిత్రోమైసిన్ ఇస్తారు. పిల్లలకి ఏది ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి, మందుల షాపులో అడిగి కొని వేసేయకు. దీనికి టీకా లేదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు, ఇంట్లో ఎవరికైనా వస్తే కంచం గ్లాసు వేరు పెట్టనక్కర్లేదు.

మరి తోటలో ఏం చెయ్యాలి అంటావా. వెళ్లడానికి రెండు మూడు రోజుల ముందే మీ మామగారికి ఫోన్ చేసి, మీరు కూర్చునే చోటా, పొయ్యి పెట్టే చోటా, పిల్లలు ఆడే చోటా గడ్డి నేలకంటా కోయించమను, కోసిన గడ్డి అక్కడే పరిచి ఉంచకుండా దూరంగా వేయించమను. పశువులకి గోమార్లు ఎక్కువగా ఉంటే పశువుల డాక్టర్‌ని అడిగి మందు కొట్టించమను. ఒక్క హెచ్చరిక, పశువుల గోమారి మందుని మనుషుల ఒంటికి గానీ, పిల్లల తలకి గానీ, బట్టలకి గానీ ఎవరూ వాడకూడదు. "కొంచెమే కదా, నీళ్లలో కలిపి రాద్దాం" అనే పెద్దమనిషి ప్రతి కుటుంబంలోనూ ఒకడుంటాడు, వాడి చేతికి ఆ సీసా అందనీయకు.

బట్టల దగ్గర నువ్వు కాస్త మొండిగా ఉండాల్సిందే. కార్తీకం కదా, ఆడవాళ్లంతా పట్టుచీరల్లో వస్తారు, కాదనను, చీర కింద చీలమండ దాకా లెగ్గింగ్ వేసుకుని, దాని కొసలు సాక్సు లోపలికి దోపుకో, చీర కుచ్చిళ్ల కింద ఎవరికీ కనిపించదు. మీ ఆయనకి లుంగీ వద్దు, ప్యాంటు, సాక్సు, బూట్లు. పాపకి నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, లేత రంగువి. లేత రంగు మీద గోమారి పాకుతుంటే కనిపిస్తుంది, పైగా దోమలు ముదురు రంగులకి ఎక్కువ వస్తాయి. ప్యాంటు సాక్సులోకి దోపితే పిల్ల కాస్త వింతగా కనిపిస్తుంది, ఫోటోలు తీసినవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. గడ్డి మీద ఉత్తినే కూర్చోవద్దు, పడుకోవద్దు, మందపాటి టార్పాలిన్ పరిచి దాని మీద చాప. విప్పిన బట్టలూ తువ్వాళ్లూ తుప్పల మీద ఆరేయొద్దు. కాలకృత్యాలకి తుప్పల్లోకి వెళ్లాల్సి వస్తే, మాట్లాడటానికి మొహమాటమే గానీ చిగ్గర్ ఎక్కేది ఎక్కువగా అక్కడే, కాబట్టి నున్నగా ఉన్న చోటు చూసుకోండి. గడ్డివాము ఎక్కి గెంతడం మాత్రం ఈసారికి మాన్పించు, ఎలుకలు కాపురం ఉండేది దాని కిందే.

దోమల సంగతికొద్దాం. మీ ఆయన తీపి రక్తం కథ మన వైపు ప్రతి ఇంట్లోనూ ఉంది. దోమ రక్తం రుచి చూసి రాదు, మన ఊపిరిలోంచి వచ్చే బొగ్గుపులుసు వాయువు, చెమట వాసన, ఒంటి వేడి పసిగట్టి వస్తుంది, అవి మనిషి మనిషికీ తేడాగా ఉంటాయి కాబట్టే కొందరిని ఎక్కువ కుడతాయి. గర్భిణుల్ని ఎక్కువ కుడతాయి, మీ బంధువుల్లో ఎవరైనా ఉంటే గుర్తుపెట్టుకో. అన్ని దోమలూ ఒకే వేళకి రావు. డెంగీ తెచ్చే ఏడిస్ పగటి దోమ, పొద్దున ఎండెక్కేలోపూ, సాయంత్రం పొద్దుగుంకే ముందూ జోరుగా కుడుతుంది, అంటే మీరు పులిహోర కలుపుకునే వేళా టీ తాగే వేళా దానిదే. మలేరియా తెచ్చే అనాఫిలిస్ రాత్రి దోమ, సీతంపేట ఏజెన్సీ వైపు కొండవాగుల పక్కన అది పెరుగుతుంది, ఆ ప్రాంతం 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది గానీ జిల్లా మారిందని దోమకి తెలియదు కదా. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ కూడా రాత్రిదే, శ్రీకాకుళం, విజయనగరం రెండూ పాతకాలం నుంచీ బోదకాలు ఉన్న జిల్లాలే, కాకపోతే అది నెలల తరబడి కుట్టించుకుంటే గానీ రాదు, ఒక్క రాత్రికి దాని గురించి భయం వద్దు.

అందుకని రాత్రి పడుకునే విషయంలో నా మాట సూటిగా చెబుతాను: దోమతెర ఉంటే పడుకోండి, లేకపోతే పాలకొండ వచ్చేసి ఎవరింట్లోనో పడుకుని పొద్దున వెళ్లండి. తెర అంటే పైన కప్పుకోవడం కాదు, నాలుగు పక్కలా అంచులు పరుపు కిందో చాప కిందో దోపాలి, ఒళ్లు తెరకి ఆనకూడదు, ఆనితే దోమ బయట నుంచే కుట్టేస్తుంది. మందు పట్టించిన తెర అయితే ఇంకా మంచిది. నేల మీద కన్నా మంచాలు దొరికితే మంచాల మీద పడుకోండి, చిగ్గర్ బెడద తప్పించుకోవడానికీ అదే మేలు. కాయిల్ ఆరుబయట గాలికి పెద్దగా పనిచేయదు, పాక తలుపులు మూసి వెలిగిస్తే దోమ కన్నా ముందు పిల్లలకి ఊపిరాడదు. వేపాకు పొగ, సాంబ్రాణి పొగ సాయంత్రం కాసేపు పెట్టుకుంటే సరదాగానే ఉంటుంది, దాని మీదే భారం వేయకు. ఫోన్‌లో దోమల్ని తరిమే శబ్దం వచ్చే యాప్ ఉందని మీ మరుదుల్లో ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు, అది ఉత్తదే.

క్రీమ్ రాయొచ్చు, నాలుగేళ్ల పాపకి నిరభ్యంతరంగా రాయొచ్చు. మందుల షాపుల్లో దొరికే ఓడోమాస్‌లో 12 శాతం డైఇథైల్ బెంజమైడ్ అనే మందు ఉంటుంది. డీట్ ఉన్నవీ దొరుకుతాయి, అమెరికా సైన్యం 1946 నుంచి వాడుతున్న మందు అది, దోమలతో పాటు గోమార్లనీ చిగ్గర్లనీ కూడా దూరంగా ఉంచుతుంది, 20 శాతం ఉన్నది నాలుగైదు గంటలు ఆగుతుంది. పిల్లలకి 30 శాతం దాటింది వద్దు, రెండు నెలల లోపు పసిబిడ్డకి అసలు వద్దు, ఆ వయసు వాళ్లకి ఉయ్యాల మీద తెరే దారి. రాసేది నువ్వే రాయి, ట్యూబు పిల్లకి ఇవ్వకు. నీ అరచేతిలో వేసుకుని బట్ట కప్పని చోట పల్చగా, అన్ని చోట్లా పట్టేలా రాయాలి, మణికట్టు దగ్గర బొట్టు పెట్టినట్టు రాసి వదిలేస్తే దోమ పక్కనే వాలుతుంది. చీలమండలు, మెడ వెనక, చెవుల వెనక మర్చిపోకు. కళ్లూ నోరూ చుట్టూ వద్దు, పుండ్ల మీద వద్దు, పాప అరచేతులకి వద్దు, అవి నోట్లోకే పోతాయి. ఎండ క్రీమ్ రాసే అలవాటుంటే ముందు అది, ఆరాక ఇది. చెమట పట్టినా, వాగులో దిగినా మళ్లీ రాయాలి, అలాగని గంటగంటకీ పులమక్కర్లేదు, ట్యూబు మీద ఏం రాశారో చూడు. ఇంటికి రాగానే సబ్బుతో కడిగెయ్యాలి.

వేపనూనె పనికిరాదని నేను అనను. కొబ్బరినూనెలో కలిపి రాసుకుంటే కాసేపు దోమ దగ్గరికి రాదు, ఆ కాసేపు ఎంతసేపో నమ్మకం లేదు, అదే దాంతో చిక్కు. పెద్దవాళ్లు ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు రాసుకుంటే రాసుకోండి. పాపకి మాత్రం వద్దు, వేపనూనె చిన్నపిల్లల కడుపులోకి పోతే ఫిట్స్ దాకా తీసుకెళ్లగలదు. కొండవార తోటకి క్రీమే.

తోట నుంచి ఇంటికొచ్చాక అలసిపోయి అలాగే పడుకోవాలనిపిస్తుంది. పడుకోకండి. నా లెక్కలో క్రీమ్ కన్నా ఇదే ముఖ్యం. బట్టలు ఇంట్లో కుప్ప పోయకుండా నేరుగా వేడినీళ్లలో వేసి నానబెట్టు, మంచం మీద పడెయ్యకు. అందరూ సబ్బు పట్టించి ఒళ్లంతా గట్టిగా రుద్దుకుని స్నానం చెయ్యండి, చిగ్గర్ ఎక్కగానే కరవదు, చోటు వెతుక్కుంటుంది, కరిచినా వెంటనే రుద్దితే ఊడిపోతుంది. పాపకి మొలతాడు ఉంటే దాని కింద కూడా రుద్దు. అప్పుడే తల వెంట్రుకల మొదళ్లు, చెవుల వెనక, చంకలు, బొడ్డు, గజ్జలు, మోకాలి వెనక వెలుతురులో చూసెయ్, గోమారి ఉంటే అప్పుడే దొరుకుతుంది, పోయినేడాదిలా మర్నాటి దాకా రక్తం తాగుతూ ఉండదు. నీ వీపు మీ ఆయన్ని చూడమను, నవ్వడం ఆపి.

ఇంకో పని, తోట వదిలేటప్పుడు పేపరు గ్లాసులూ కొబ్బరి చిప్పలూ బోర్లా పడేసినా సరే, సంచిలో కట్టి తెచ్చేసినా సరే. కార్తీకంలో ఒక్క వాన పడితే చాలు, వెల్లకిలా వదిలేసిన చిప్పలో వారం పది రోజుల్లో ఏడిస్ దోమలు తయారు.

ఇక చివరిది, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించు. మీరు తోటకి వెళ్లిన తేదీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టు. ఆ తర్వాత మూడు వారాల లోపు ఎవరికి జ్వరం వచ్చినా, రెండో రోజుకి తగ్గకపోతే ఆస్పత్రికే వెళ్లండి. పారాసెటమాల్ తప్ప ఏ నొప్పి మాత్రా వద్దు, డైక్లోఫెనాక్ ఇంజక్షన్ అసలే వద్దు, అది డెంగీ అయితే రక్తస్రావం ముదురుతుంది. మలేరియా పరీక్ష ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గరే వేలి మీద చుక్క రక్తంతో ఉచితంగా అయిపోతుంది. మలేరియాలో ఒక రకం నెలల తర్వాత కూడా బయటపడుతుంది కాబట్టి, సంక్రాంతికి జ్వరం వచ్చినా ఆ రాత్రి తోటలో పడుకున్న సంగతి గుర్తు తెచ్చుకో. ఒళ్లంతా నువ్వే ఒకసారి వెతుకు, బట్టలు విప్పి, నల్ల పెచ్చు ఎక్కడైనా ఉందేమో. పెచ్చు కనిపించకపోయినా స్క్రబ్ టైఫస్ కాదని అనుకోకు, చాలామందిలో అది కనిపించదు. "డాక్టరు గారూ, ఫలానా తేదీన సీతంపేట రోడ్డులో కొండవార తోటకి వెళ్లాం, గడ్డిలో కూర్చున్నాం, రాత్రి అక్కడే పడుకున్నాం, స్క్రబ్ టైఫస్ పరీక్ష, మలేరియా పరీక్ష చేయించమంటారా" అని, ఆయన అడిగేదాకా ఆగకుండా, కుర్చీలో కూర్చోగానే చెప్పెయ్.